సంపూర్ణమ్మ కుట్టిన చెత్త సంచులు

కాలువగట్టు వీధిలో సంపూర్ణమ్మ మాటకి ఎదురు లేదు. జాకెట్లు కుట్టే మనిషి కదా, ప్రతి ఇంటి గుట్టూ తెలుసు, ఒక్కటీ బయట పెట్టదు. అందుకే రెండువేల మూడులో మునిసిపాలిటీ చెత్త పన్ను వేయబోతూంటే, కౌన్సిలరు బుల్లిరాజు ముందుగా ఆవిడ గడపే తొక్కాడు.

"చెత్తంతా ఊరవతల యార్డుకి తోలించి ఎరువు చేయిస్తామండి అక్కయ్యగారూ. ఇక కాలువలో పుల్ల కూడా పడదు. వీధిని మీరే ఒప్పించాలి."

మంచినీళ్ళ చెరువు నిండేది ఆ కాలువతోనే. ఆ ఒక్క మాటకే సంపూర్ణమ్మ కరిగిపోయింది. కాకపోతే కూలి జనం అంత కట్టలేరని పట్టుబట్టింది. బుల్లిరాజు తల గోక్కుని వెళ్ళి, వారం తిరక్కుండా పన్ను సగానికి తగ్గించి వచ్చాడు. తన మాట నెగ్గిందని ఆవిడ మురిసిపోయింది. ఎలా తగ్గించావయ్యా అని అడగాలని మాత్రం తట్టలేదు.

"మనం కడితే మాత్రం వాళ్ళు చేస్తారాండీ?" అంది ఎదురింటి సువార్తమ్మ.

"నా మాట మీద కట్టు."

పాత చీరలు చింపి ఇంటింటికీ పొడి చెత్తకి సంచి కుట్టిచ్చింది. నిండిన సంచి మునిసిపాలిటీ బండికిస్తే యార్డులో దులిపి వెనక్కి పంపుతారన్నారు. ఒక్కటీ తిరిగి రాలేదు. మరిచిపోయుంటారులే అని మళ్ళీ కుట్టింది. పాతవి అయిపోతే, పెద్దాపురం మరిడమ్మ జాతరలో ముచ్చటపడి కొనుక్కున్న నీలం చీరకి కూడా కత్తెర పెట్టింది.

ఏటా వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేస్తారన్న సంగతి మునిసిపాలిటీ పెద్దలకి గుర్తున్నట్టు లేదు. నీళ్ళు తగ్గగానే ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని ఎప్పట్లాగే చేపలకి దిగారు. చెరువు తూముకి కాస్త ఎగువన సువార్తమ్మ బుట్టకి ఏదో బరువుగా తగిలింది. లాగితే నీలం సంచి, కట్టిన మూతి కట్టినట్టే ఉంది. దాని వెనక బురదలో అలాంటివి ఇంకా ఎన్నో.

సంపూర్ణమ్మకి ఒళ్ళు మండిపోయింది. బురద కాళ్ళతోనే బుల్లిరాజు ఇంటికి వెళ్ళి సంచి అతని ముందు పడేసింది.

"పన్ను తగ్గించమన్నది మీరే కదండీ," అన్నాడతను, కాఫీ గ్లాసు దించకుండానే. "యార్డు దాకా ట్రాక్టరు వెళ్ళాలంటే డీజిలు ఎక్కణ్ణించి వస్తుంది? సగం పన్నుకి బండి సగం దూరమే వెళ్తుందండి."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా తమ్ముడూ. కాళ్ళు పట్టుకునైనా మొత్తం కట్టించేదాన్ని."

"చెబితే జనం ఓట్లేస్తారాండీ?"

తమ్ముడని పిలిచినందుకు తన నోటిని తనే తిట్టుకుంటూ వచ్చేసింది. వీధి కుళాయి దగ్గర సువార్తమ్మ బిందె కింద పెట్టకుండా నీళ్ళకేసి చూస్తోంది.

"నాకు తెలీదే, సువార్తమ్మా."

"మీకు తెలుసని నేననలేదండి. మీ మాట మీద కట్టామంతే."

మర్నాడు పొద్దున్నే చెత్త బండి ఈల వినిపించింది. సంచులతో గుమ్మాల్లోకి వచ్చినవాళ్ళంతా అలవాటుగా సంపూర్ణమ్మ వైపు చూశారు. బండికిస్తే వాళ్ళు కాలువలో పోస్తారు, ఇవ్వకపోతే వీళ్ళు పోస్తారు. ఏం చెయ్యమంటారండీ అని ఎవరో అడిగారు. సంపూర్ణమ్మ తన సంచి మూతి విప్పి, మళ్ళీ కట్టింది.