ఎండలో పెట్టిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా వీధిలో ఏ గుమ్మానికైనా వేపమండ కనిపిస్తే, ఆ ఇంటి ముందు నడిచేవాళ్ళు గొంతు తగ్గించేవారు. లోపల ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. తేంగాయితిట్టు నుంచి తట్ట ఎత్తుకుని వచ్చే చేపలావిడ కూడా ఆ ఇల్లు దాటేదాకా కేక వేసేది కాదు. ఒక వేసవిలో ఆ మండ మా గుమ్మానికే కట్టారు. అమ్మవారు పోసింది నాకే.

ఒళ్ళంతా పొక్కులు. మొహం ఉబ్బిపోయి రెండు కళ్ళూ మూసుకుపోయాయి. చంటి తమ్ముడికి అంటుకుంటుందని మా అమ్మను వాడితో పాటు కాలాపేటలో ఆమె పుట్టింటికి పంపేశారు. నాన్న బట్టల మిల్లుకు వెళ్ళిపోతే ఇంట్లో నేనూ, నాన్నను కన్న మా అవ్వా, ఇద్దరమే. నాన్న ఒక డాక్టరును బతిమాలి తీసుకొచ్చాడు. ఆయన నా కళ్ళలో చుక్కలు వేసి, వాపు తగ్గేదాకా చూపు నిలుస్తుందో లేదో చెప్పలేనని వాకిట్లో నాన్నతో తమిళంలో అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ, కళ్ళు మూతబడ్డాక చెవులు ఊరుకోవు. తమిళ ఊళ్ళో పెరిగినదాన్ని, తమిళం నాకూ వచ్చు.

ఆ తర్వాత ఏది పగలో ఏది రాత్రో తెలియని కాలం. అరటాకు మీద పడుకుని గాలిలో తేలుతున్నట్టు ఉండేది. మిల్లు కూత ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు వినిపించేది. అమ్మవారు ఉన్న ఇంట్లో తాలింపు వేయకూడదు కనుక ఇల్లంతా వేపాకు, పసుపు వాసనే. దురద పుడితే గోకనిచ్చేది కాదు అవ్వ. వేపరెమ్మతో అలా అలా నిమిరేది, నాకు నిద్ర ముంచుకొచ్చేది. ఒంట్లో అమ్మవారు ఉంది కాబట్టి నన్ను ఎవరూ కసురుకోకూడదు. "ఏం కావాల తల్లీ?" అని అవ్వ మర్యాదగా అడిగేది. నేనేమన్నా తక్కువదాన్నా, సందు దొరికింది కదా అని లేత కొబ్బరినీళ్ళు తప్ప తాగనని మొండికేశాను.

కానీ లోపల భయం. మొహం ఎలా ఉంటుందో అని కాదు. ఇక ఎప్పటికీ ఈ చీకట్లోనే ఉండిపోతానేమో అని.

పొక్కులు వాడి అమ్మవారు దిగిన రోజున తలకు నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళు పొయ్యి మీద కాచకూడదు. వేపాకు వేసి ఎండలో పెడితే ఎండకే వెచ్చబడాలి. మా అవ్వ మాత్రం ఆ రోజు కోసం ఆగలేదు. పొద్దున్నే ఇత్తడి అండాను పెరట్లోకి ఈడ్చుకెళ్ళే చప్పుడు వినిపించేది. సాయంత్రం ఆ నీళ్ళు మునగచెట్టు మొదట్లో పోసేసే చప్పుడు. మరునాడు మళ్ళీ అదే. ఇంటింటికీ నీళ్ళు మోసుకొచ్చుకునే రోజులవి, వీధి కుళాయి దగ్గర బిందెలకు బిందెలే వరుస.

ఒకనాడు నాకు ఒళ్ళు మండింది. "ఎందుకవ్వా ఈ ఉత్త వేషం? నాకు కళ్ళు రావంట, డాక్టరు చెప్పినాడు. దినామూ ఎవురికి పెడతావు ఆ నీళ్ళు?" అని అరిచాను.

అవ్వ కోప్పడలేదు. నా పక్కన కూర్చుంది. "అమ్మవారు దిగేది నా చేతిలో లేదు పాపా. నీళ్ళు పెట్టేది నా చేతిలో ఉండాది. ఆయమ్మ దయ తలిచిన దినాన నీళ్ళు చల్లంగా ఉంటే, రేపు రమ్మని చెప్తామా?" అంది.

ఆ మరునాటి నుంచి ఆ పని నాకూ పంచింది. నన్ను ఎత్తుకెళ్ళి పెరటి గట్టున కూర్చోబెట్టి, వేపాకు నా చేతనే నీళ్ళలో వేయించేది. మధ్యాహ్నం నా చేతిని నీళ్ళలో ముంచి, ఎంత వెచ్చబడిందో నన్నే చెప్పమనేది. అలా ఒకసారి ముంచినప్పుడు, నా చేతిని పట్టుకున్న ఆమె చెయ్యి సన్నగా వణకడం తెలిసింది. అవ్వకూ భయమే. భయపడుతూనే రోజూ అండా ఈడుస్తోంది. అది తెలిశాక ఎందుకో నాకు ఏడుపు తగ్గింది. పొద్దున్న లేస్తూనే ఆకు కోశావా అవ్వా అని అడగడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం నీళ్ళలో చెయ్యి పెట్టి కూర్చున్నాను. కుడి రెప్ప సందులోంచి ఎర్రగా ఒక గీత. కాసేపటికి అది పచ్చబడింది. అండా అంచు. నీళ్ళ మీద తేలుతున్న ఒక్క వేపాకు. ఆకు, ఆకు అన్నానట. మా అవ్వ ఆ ఆకును తీసి నా కంటి ముందు అటూ ఇటూ ఆడించి చూసింది. ఆ తర్వాత పొక్కులు కూడా వాడాక, ఎండకు వెచ్చబడిన నీళ్ళు నా నెత్తిన పోస్తూ ఆమె ఏడ్చిందో నవ్విందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎడమ కంట్లో తెల్లగా పువ్వు పడింది. ఆ కంటికి చూపు మళ్ళీ రాలేదు. అమ్మవారు ఒకటి మరిచిపోయిందా అని అవ్వను నిలదీశాను. ఏదో ఒక కథ చెప్పి సర్దేస్తుందనుకున్నాను. "నాకూ తెలీదు పాపా. అడుగుదాం. ముందు ఇచ్చినదానికి దండం పెట్టుకుందాం" అంది. అంత నిజం చెప్పిన పెద్దవాళ్ళను నేను మళ్ళీ ఎక్కువమందిని చూడలేదు.

ఒంటికంటితో చూసినా మొగుణ్ణి మాత్రం బాగానే ఎంచుకున్నాను. ఆ మధ్య మా ఆయన ఆసుపత్రిలో పడ్డారు. డాక్టర్లు ఏమీ చెప్పలేమన్నారు. రోజూ పొద్దున ఉతికి ఇస్త్రీ చేసిన ఒక చొక్కా, పంచె సంచిలో పెట్టుకుని వెళ్ళేదాన్ని, ఇంటికి వచ్చేటప్పుడు వేసుకోవడానికి. సాయంత్రం వెనక్కి తెచ్చేదాన్ని. నర్సమ్మలు జాలిగా చూసేవారు. మొదట్లో కసిరిన మా ఆయన, పోనుపోను నేను రాగానే సంచి వైపు చూసేవారు.

"ఈ దినం ఏది తెచ్చినావు?" అని అడిగారు చివరి పొద్దున.

నీలం గీతలది అన్నాను. "అది బాగుంటాది" అన్నారు, నవ్వుతూ. ఆ చొక్కా వేసుకుని ఆయన ఇంటికి రాలేదు. నేను ఏడ్చాను, ఇంకా ఏడుస్తున్నాను. కానీ దేవుడు మమ్మల్ని చూడలేదని మాత్రం అనలేను. ఆ పొద్దున ఆ గదిలో మేమిద్దరం చావు కోసం ఎదురుచూడలేదు, ఇంటికి పోవడం గురించే మాట్లాడుకున్నాం.