చెప్పి పో

మనవరాలి ఎల్‌కేజీ మొదటి రోజు, బడిలో ఉప్మా వాసన వచ్చింది. చిన్నప్పటి మా చిట్టమూరు బాలవాడి, పసిపిల్లల బడి, గుర్తొచ్చింది.

అక్కడ నా మొదటి రోజు నేను ఉప్మా తింటుంటే, అమ్మ చెప్పకుండా నాట్లకు వెళ్లిపోయింది. అంతకుముందు మా దూడను అమ్మినప్పుడు కూడా, దానికి పచ్చగడ్డి వేసి, అది తింటుండగా తల్లి ఆవును చాటుకు తోలారు. నన్నూ అమ్మేశారనుకున్నాను. ఏడవలేదు. కొన్నవాళ్లు ఎప్పుడొస్తారోనని సాయంత్రం దాకా గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. మళ్లీ బడి మెట్లెక్కలేదు. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను.

"బిస్కెట్ తింటా ఉంది అత్తా, మెల్లిగా జారుకుందాం రా," అంది కోడలు.

"ఏడిస్తే ఏడవనీ. సాయంత్రం వస్తానని చెప్పి పో."

చెప్పింది. మనవరాలు ఏడ్చింది, ఏడుస్తూనే బిస్కెట్ తినేసింది.

ఆనాడు నా పళ్లెంలో ఉప్మా సగం అట్లాగే చల్లారిపోయింది.