చోటే మియా తడిపిన గోడ

శామీర్‌పేట చెరువు పక్క పార్కులో రెండు పాత ఇళ్లున్నాయి. ఒకప్పుడు ఎవరో జాగీర్దారు వేటకొస్తే అక్కడ దిగేవాడట. తర్వాత ఫారెస్టు గార్డులు, మేకలు, ప్రేమికులు వరుసగా ఉండి వెళ్లారు. ఇన్నాళ్లూ కూల్చాలన్న తెలివి ఎవరికీ రాలేదు. ఇప్పుడొచ్చింది. అక్కడ సెల్ఫీ పాయింటు కడతారట.

అలియాబాద్ చోటే మియాకు అరవై దాటాయి. తాత దగ్గర డంగుసున్నం పని నేర్చుకున్నాడు. సిమెంటు వచ్చాక ఆ పని అడిగినవాళ్లు లేరు. జవహర్‌నగర్ అపార్టుమెంట్లకు సిమెంటు పూస్తూ, పూసిన ప్రతి గోడనూ మనసులో తిట్టుకుంటూ ముప్పై ఏళ్లు గడిపాడు. ఎవరూ అడక్కపోయినా పార్కులో ఇళ్ల పగుళ్లు మాత్రం ఆయనే పూడ్చేవాడు. ఈసారి పెద్ద ఇంటి ముందు గోడంతా పూశాడు; దర్వాజ పక్కన గట్టిగా ఉన్న పాత సున్నం పూతను మాత్రం ముట్టలేదు. సున్నం పూత వారాల తరబడి తడిగా ఉండాలి. అందుకని గోనెసంచులు కప్పి, రెండు పూటలా నీళ్లు చల్లుతున్నాడు.

సరిగ్గా అప్పుడే కూల్చివేత ఫైలుతో ఇంజినీరు వచ్చాడు. సంచి ఎత్తి, గోడకు వేలు ఆనించి, పైకి చదువుతూ రాసుకున్నాడు: 'గోడల్లో నీరు ఊరుతోంది. ఏ క్షణమైనా కూలవచ్చు.' ఒక్క వేలికి అంత చదువుంటుందని మియాకు ఆ రోజే తెలిసింది.

"సార్, అది ఊరుడు కాదు. నేనే పోస్తున్న."

"ఎందుకు, జల్దీ కూలాల్నని పోస్తున్నవా?" అని నవ్వి ఇంజినీరు జీపెక్కాడు.

పార్కు ఊడ్చే దుర్గాబాయి ఉపాయం చెప్పింది. "చోటే భాయ్, నీళ్లు బంద్ వెట్టు. గోడ ఎండితె సారు నోరు మూస్కుంటడు."

"ఎండితె పూత పగుల్తది దుర్గమ్మా. గప్పుడు పగిలిందని రాస్తడు."

"అంటే తడిసినా కూలుస్తరు, ఎండినా కూలుస్తరు. మస్తుగున్నది!"

మియా బిందె నింపుకొచ్చాడు. మళ్లీ నీళ్లే పోశాడు. కూలబోయే గోడకైనా పని సగంలో వదలడం ఆయనకు చేతకాలేదు.

సోమవారం జేసీబీ వస్తుందనగా, శనివారం పొద్దున ఇంజినీరు బోర్డుతో దిగాడు: 'ప్రమాదం! దగ్గరికి రావద్దు.' ఆయన డ్రైవర్ వంశీ ప్రమాదానికి బాగా దగ్గరగా నిలబడి, దర్వాజ పక్కన పాత పూతలో మేకు కొట్టాడు. మేకు వంగింది. రెండోదీ వంగింది. మూడోది ఎగిరి ఇంజినీరు బూటు దగ్గర పడింది.

"చిచ్చా, ఏం కలిపిండ్రు దీంట్ల?" అని వంశీ, నీళ్లు చల్లుతున్న మియాను అడిగాడు.

"కరక్కాయ, బెల్లం."

"సార్, కూలేది గీ ఇల్లేనా? ఇంకోటేమన్న ఉన్నదా?" అని వంశీ అమాయకంగా అడిగాడు.

నడకకు వచ్చినవాళ్లు ఆగి ఫోన్లు తీశారు. ఇంజినీరు కంగారుగా, పక్కనున్న కొత్త టికెట్ కౌంటరుకు కొట్టమన్నాడు. ఒక్క దెబ్బకే అరచేయంత సిమెంటు పెళ్ల ఊడి, మేకుతో సహా కింద పడింది. అందరూ గొల్లున నవ్వారు.

అంతమంది ఫోన్ల ముందు ఇంజినీరుకు న్యాయబుద్ధి పుట్టింది. అక్కడికక్కడే కాగితం మీద రాశాడు: 'కూల్చివేత నిలిపివేత. మళ్లీ పరీక్షించాకే నిర్ణయం.' కారణం రాయలేదు. మేకుల సాక్ష్యం రూల్సులో లేదు కదా. దుర్గాబాయి పట్టుబట్టి సంతకం కూడా పెట్టించింది.

పోతూ పోతూ ఇంజినీరు పెద్దరికం నిలబెట్టుకోవాలనుకున్నాడు. "పరీక్ష అయ్యేదాకా గోడను ఎవరూ ముట్టొద్దు!"

"ముట్ట సార్," అన్నాడు మియా. "దూరంకెల్లే చల్లుత."