చిన్నబాపు రాసిన పేర్లు

కోరుట్ల బస్టాండు ఎదురుంగ ఇప్పుడు వరుసగ ఫ్లెక్సీ దుకాణాలే. బస్సు దిగంగనే కాలిన ప్లాస్టిక్ లాంటి వాసన ముక్కుకు కొడ్తది. నాయకుల పుట్టినరోజులు, దుబాయి నుంచి వచ్చినోళ్ల గృహప్రవేశాలు మిషన్ల నుంచి గజాల కొద్ది బయటికి వస్తుంటయి. మొన్న ఆ వాసనకు, ఒకప్పుడు అదే జాగల ఉండే ఇంకో వాసన యాదికొచ్చింది: ఎనామిల్ రంగు, టర్పెంటైను, బోర్డులు రాసే మల్లేశం కాల్చే బీడీ. వాటి నడుమ గోడకు ఒరిగి, మల్లేశం రాసిన ఒక్క అక్షరాన్ని గంటసేపు చూసే మా చిన్నబాపు.

చిన్నబాపు అంటె మా బాపు తమ్ముడు, రాజేశం. సిరిసిల్లల మగ్గాల నడుమ పుట్టి, కోరుట్ల బడిల పంతులైండు. పట్నం నుంచి వచ్చే ఒక చిన్న మాసపత్రికకు బొమ్మల గురించి వ్యాసాలు రాసేటోడు. కళా విమర్శకుడు అనే మాట మా ఇంట్ల ఎవ్వరికీ తెల్వదు. బొమ్మల మీద రాస్తడట అంటె, "పాడుచేస్తడా ఏంది?" అని మా మేనత్త నిజంగనే భయపడ్డది.

దసరా సెలవులకు ఆయన సిరిసిల్లకు వస్తె నాకు పండుగ రెండు దినాల ముందే మొదలయ్యేది. ఇంట్ల పొద్దంత మగ్గం చప్పుడు, నూలుకు పెట్టిన గంజి వాసన, అర్రల సత్తుపిండి ముద్దలు, వాకిట్ల ఎరుపు, నీలం రంగు నీళ్లల్ల ముంచి ఆరబెట్టిన గునుగుపూలు, మా నాయినమ్మ లచ్చవ్వ బతుకమ్మను పేర్చుకుంట అందరి మీద చేసే లొల్లి. ఆమె పక్కన చిన్నబాపు గొంతుక్కూసుని, ఎరుపు వరుస మీద తంగేడే ఎందుకు పెట్టినవని అడిగేటోడు.

"గట్ల పెడ్తెనేరా, ఎరుపు కండ్లకు ఆనుతది. లేకుంటె పండుకున్నట్టుంటది," అన్నది నాయినమ్మ, పని చెడగొడ్తున్నడని చిరాకుపడుకుంట.

ఆ మాట ఉన్నదున్నట్టు పత్రికల అచ్చైంది, కింద ఆమె పేరుతోని. చదువురాని నాయినమ్మ ఆ పత్రికను బట్టల సందుగల పట్టుచీర మడతల దాచుకొని, వచ్చినోళ్లకల్ల తీసి చూపెట్టేది. చిన్నబాపు రాతల గదే గొప్ప. పట్నం చిత్రకారుల గురించి ఎంత శ్రద్ధగ రాసేటోడో, బట్టలు నేసే మా సాలోళ్ల పుట్టుక కథ చెప్పెటందుకు పొడుగాటి బట్ట మీద గీసిన పటాన్ని పట్టుకొని వచ్చేటోళ్ల గురించి గూడ అంతే శ్రద్ధగ రాసేటోడు. గీసినోళ్ల ఊరు, పేరు కనుక్కోనిది వాక్యం మొదలువెట్టకపోయేది. మల్లేశంను గూడ, "ఇంత మంచిగ రాస్తవు, నీ పేరెందుకు పెట్టుకోవు?" అని అడిగి అడిగి సతాయించిండు. ఆ తర్వాత కోరుట్లల, జగిత్యాలల బోర్డుల మూలకు చిన్నగ ‘మల్లేశం’ అని కనవడుడు మొదలైంది. అది చూసి మిగతా పెయింటర్లు గూడ పేర్లు రాసుకున్నరు.

అవి నక్సలైట్ల దినాలు. చదువుకున్న పోరగాడు సంచి ఏసుకొని నాలుగూర్లు తిరిగితె చాలు, అనుమానమే. నాకు పదకొండేండ్లున్నప్పుడు, బతుకమ్మ నాడు, మిట్టమధ్యాహ్నం మా వాకిట్లకు పోలీసు జీపొచ్చింది. చిన్నబాపు పెట్టెల నుంచి పదకొండు నోటుబుక్కులు తీసి పూల మీద పడేసిండ్రు. ఇన్‌స్పెక్టరు ఒకటి తెరిచి గట్టిగ చదివిండు.

"‘ఇక్కడ నేలంత ఎరుపే. ఈ ఎరుపును తీసేస్తె మనుషులు నిలవడరు.’ ఏందిరా ఇది?"

"పటం గురించి సార్. బొమ్మల వెనుక పూసే రంగు," అన్నడు చిన్నబాపు.

"మాకు పాఠం చెప్తున్నవా?" అని చెంప మీద కొట్టిండు.

నాయినమ్మ ఉరికి ఇంట్లకు పోయి ఆ పత్రిక తెచ్చింది. "నా కొడుకు బొమ్మల గురించే రాస్తడు సారూ, సూడుండ్రి, నా పేరు గూడ రాసిండు," అని రెండు చేతులతోని చాపింది. ఇన్‌స్పెక్టరు పత్రిక తీసుకున్నడు. ఆమె పేరు చూసి, జేబుల కాయితం తీసి, ఆ పేరును రాసుకున్నడు. పత్రికను, నోటుబుక్కులను, మా చిన్నబాపును అదే జీపుల తీస్కపోయిండ్రు. నాయినమ్మ వాళ్లు తొక్కిన పూలను ఏరుకుంట కూసున్నది. నాకు ఇయ్యాల్టికీ కోపం ఆగదు. ఒక బొమ్మకు వెనుక రంగు ఉంటదని తెల్వనోని చేతుల ఒక మనిషి బతుకు పెట్టిండ్రు!

మూడో దినం వదిలిపెట్టిండ్రు. కుడిచెయ్యి వాచి ఉన్నది, వేళ్లు ముడుచుకుంటలెవ్వు. నోటుబుక్కులు, పత్రిక వాపస్ ఇయ్యలేదు.

నెల తిరగకముందే, చిన్నబాపు ఇంకా మా ఇంట్లనే ఉండంగ, నూలు కొనెటోళ్ల తీరుగ ఇద్దరు అన్నలు, అంటె నక్సలైట్లు, వచ్చిండ్రు. పోలీసోళ్లు కొట్టినోడు గనుక ఇగ తమకోసం రాస్తడనుకున్నరు. గోడకు అతికేసే పోస్టరు ఒకటి తీసి మగ్గం పక్కన పరిచిండ్రు; దాని మీద పెద్ద పిడికిలి.

చిన్నబాపు చాలాసేపు చూసిండు. "ఇది గీసినోడు చెయ్యిని సరిగ చూడలేదు. బొటనవేలు గట్ల పడితె పిడికిలి బిగియది," అన్నడు.

"జనం సస్తుంటె నువ్వు బొటనవేలు చూస్తున్నవా?" అన్నడు ఒకడు.

చిన్నబాపు తన కుడిచెయ్యిని ఆ బొమ్మ పక్కన పెట్టిండు. "నాకు పిడికిలి పడతలేదు తమ్మీ. ఎట్ల పడాల్నో ఇప్పుడు నాకంటె ఎక్కువ ఎవ్వరికీ తెల్వదు."

వాళ్లు పోస్టరు చుట్టుకొని, ఆలోచించుకొమ్మని బెదిరిచ్చి పోయిండ్రు. దినాం కలిసి తిరిగిన దోస్తులు ఆయనను చూసి తొవ్వ మార్చుకునుడు మొదలుపెట్టిండ్రు. బదిలీ మీద గంభీరావుపేటకు పంపిండ్రు. పత్రిక నుంచి ఉత్తరాలు వచ్చి వచ్చి ఆగిపోయినయి, పత్రికే మూతపడ్డది. చిన్నబాపు మళ్ల ఒక్క వ్యాసం రాయలేదు. యాభై నిండకముందే కామెర్లతోని పోయిండు.

నేను డ్రాయింగ్ టీచరునైన, అది ఆయన చలువే. పోయినేడు పట్నంల పటాల ప్రదర్శన పెట్టిండ్రంటె పోయిన. అద్దాల వెనుక మా ఎర్రటి పటాలు, బయట ఒక పెద్దమనిషి రాసిన మందపాటి పుస్తకం. తెరిస్తె, "పసుపు పక్కన పెడితేనే ఎరుపు కళ్లకు ఆనుతుంది, లేకుంటే పడుకున్నట్టుంటుందని ఒక గ్రామీణ స్త్రీ నాతో అన్నది," అని ఉన్నది. నాతో అన్నదట! ఆ సాయంత్రమే ఆ పుస్తకం మీద సభ పెట్టిండ్రు. సభల లేచి నిలవడి, ఆమె పేరు లచ్చవ్వ, ఆమె మాటను మొదలు పత్రికల రాసినాయన పేరు రాజేశం అని చెప్పిన.

పుస్తకం రాసిన పెద్దమనిషి మర్యాదగనే మాట్లాడిండు. "ఎప్పుడో ఏదో పత్రికలో చదివి ఉంటానమ్మా, పేర్లు గుర్తులేవు. ఆధారం ఉంటే తెండి, తర్వాతి ముద్రణలో చూద్దాం."

"ఆధారాన్ని పోలీసోళ్లు తీస్కపోయిండ్రు సార్," అన్న. "మా నాయినమ్మ పేరు రాసుకొని మరీ తీస్కపోయిండ్రు."

సభల ఎవరో నవ్విండ్రు. మైకు ఇంకొకరి చేతికి పోయింది.

ఆ పత్రిక కోసం నేను తిరగని లైబ్రరీ లేదు. పటం పట్టుకొని మా వాడకు వచ్చేటోళ్లు రాక ఎన్నేండ్లైందో లెక్కలేదు, మల్లేశం బోర్డుల మీద సున్నం పడ్డది, నాయినమ్మ పోయింది. ఆ పదకొండు నోటుబుక్కులల్ల ఎంతమంది పేర్లున్నయో ఇగ ఎవ్వరికీ తెల్వదు.