నిర్మల గొంతు, చిన్న డాక్టరు చెయ్యి

నారాయణపేటలో ఇప్పటికీ ఈ కథను ఇలా చెప్తారు. పట్నంలో సుఖంగా ఉండగలిగిన ఒక చిన్న డాక్టరు మా వెనుకబడ్డ జిల్లా మీద జాలిపడి వచ్చాడట. ఊపిరాడక నల్లబడిన ఐదేళ్ళ పిల్ల గొంతును గడ్డం గీసుకునే బ్లేడుతో కోసి, లోపలి కఫాన్ని నోటితో పీల్చి బతికించాడట. ఆ పిల్ల తల్లికి మాత్రం విశ్వాసం లేదట. ఆ తల్లిని నేనే. బ్లేడు కాదు, సరైన కత్తితోనే కోశాడు. నోటితో పీల్చలేదు, రబ్బరు గొట్టానికి సిరంజి తగిలించి లాగాడని లోపలున్న నర్సే చెప్పింది. పిల్లను బతికించిన మాట నిజం. జాలిపడి వచ్చిన మాట అబద్ధం. ఎందుకు వచ్చాడో ఆయనే మా మామ ముందు, నా ముందు నవ్వుతూ చెప్పాడు. విశ్వాసం సంగతి ఇది చదివి మీరే తేల్చండి.

రాష్ట్రాలు కలిసిన కొత్తలో జరిగింది ఇది. నేను ఆడపిల్లల బడిలో టీచరును. మాది మగ్గాల ఇల్లు. మామ నేసేవాడు, అత్తమ్మ కండెలు చుట్టేది, మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. ఒక సోమవారం పొద్దున బడికి బయల్దేరబోతూ చూస్తే మా నిర్మల పెరుగన్నం ముద్దను బుగ్గన పెట్టుకుని కూర్చుంది. మింగదు, ఉమ్మదు. రోజూ మగ్గం చప్పుడును మించి వీధి చివరిదాకా వినపడేలా అరిచే పిల్ల, ఆ పొద్దు గొంతు పెగలక "నొస్తాంది" అంది. ఒళ్ళు కొంచెమే వెచ్చగా ఉంది.

అత్తమ్మ చూసి కొండనాలుక జారిందంది. మా వైపు దానికో వైద్యం ఉంది. చూపుడువేలు మిరియాల పొడిలో అద్ది, గొంతులో పెట్టి కొండనాలుకను పైకి నొక్కుతారు. నేను బి.ఏ. చదివినదాన్ని, బడిలో ఆరోగ్యశాస్త్రం పాఠం చెప్పేదాన్ని. వద్దన్నాను.

"నీ మొగనికి గూడ గిట్లనే లేపిన. సచ్చిండా?" అంది అత్తమ్మ.

వాదించడం నాకు చేతకాక కాదు. బడికి టైమవుతోంది. పిల్ల రెండు చేతులూ నేనే పట్టుకున్నాను. అత్తమ్మ వేలికి నెత్తురంటింది. మంగళవారం మళ్ళీ నొక్కింది, మళ్ళీ నేనే పట్టుకున్నాను. బుధవారానికి మెడ రెండు వైపులా వాచింది, నోటి నుంచి కుళ్ళిన వాసన వచ్చింది. అప్పుడు పిల్లను వాకిట్లో ఎండలోకి తీసుకెళ్ళి నోరు తెరిపించాను. లోపల బూడిద కలిపినట్టున్న తెల్లటి పొర కనిపించింది. సోమవారమే ఆ వాకిలి ఉంది, ఆ ఎండా ఉంది. నేనే చూడలేదు.

వెంటనే పిల్లను తీసుకుని మా ఆయన, మామ, నేను బస్సెక్కాం. ఏ దవాఖానకు పోయామో పేరు రాయను. అలాంటివి ఇంకా ఉన్నాయి కాబట్టి ఒక్కదాని పేరు రాస్తే మిగిలినవి తప్పించుకుంటాయి. అక్కడ మమ్మల్ని చూసింది హౌస్ సర్జన్. ఆయన పేరు కూడా మార్చి రాస్తున్నాను, డాక్టర్ మురళి అనుకుందాం. పట్నం పిల్లవాడు, మీసం కూడా సరిగా రాలేదు. టార్చి వేసి చూసి, స్వాబ్ తీశాడు.

"డిఫ్తీరియా అమ్మా. ఎన్నో రోజు?"

"మూడో రోజు."

"మొదటి రోజే తెస్తే యాంటీటాక్సిన్ మంచిగ పనిచేసేది. గొంతుల ఈ నెత్తురేంది?"

"తెల్వదు," అన్నాను. ఊరివాళ్ళ అబద్ధాల మీద రాస్తూ నా అబద్ధాన్ని దాచుకుంటే బాగుండదు, అందుకని ఇదీ రాస్తున్నాను.

యాంటీటాక్సిన్ ఇచ్చారు, పెన్సిలిన్ ఇచ్చారు. గురువారం మధ్యాహ్నానికి పిల్ల ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు రాసాగింది. మెడ కింది గుంత లోపలికి పోతోంది, డొక్కలు లోపలికి పోతున్నాయి. దవాఖానకు పెద్ద డాక్టరైన సివిల్ సర్జన్ క్యాంపుకు వెళ్ళాడు. డాక్టర్ మురళి రెండుసార్లు గేటు దాకా వెళ్ళి జీపు వస్తోందేమో చూసి వచ్చాడు.

"పట్నం తీస్కపోతం," అన్నాడు మా ఆయన.

"తొవ్వలనే పోతది సార్. ఇప్పుడే ట్రకియాస్టమీ చెయ్యాలె, గొంతు కోసి గాలికి గొట్టం పెట్టాలె. సంతకం పెట్టుండ్రి."

మా ఆయన చెయ్యి ఆడలేదు. నేను పెట్టాను. తలుపు మూశారు. ఆ ఈల చప్పుడు తలుపు ఇవతలికి వినిపిస్తూనే ఉంది. కాసేపటికి ఆగిపోయింది. ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. నర్సు తలుపు తీసి, "గాలి ఆడుతాంది, రాండ్రి," అంది.

లోపలికి పోతే కిటికీ గట్టు మీద లావుపాటి డాక్టరు పుస్తకం గొంతు బొమ్మ దగ్గర తెరిచి ఉంది. పేజీ అంచున ఎర్రటి బొటనవేలి గుర్తు. చూశాను గానీ పట్టించుకోలేదు. నా బిడ్డ ఛాతీ లేచి పడుతోంది, ఇంకేం చూస్తాను? గొంతులో వెండి ట్యూబు, దాని చుట్టూ గాజుగుడ్డ. డాక్టర్ మురళి కాళ్ళు పట్టుకోబోయాను. ఆయన వెనక్కి జరిగాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి.

ఐదోరోజు ఆయన మా మంచం దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మామ నారాయణపేట నుంచి తెచ్చిన మురుకులు పెడితే తిన్నాడు. పట్నం వదిలి ఈ మూలకు ఎందుకొచ్చావని మామే అడిగాడు.

"పట్నంల ఎమర్జెన్సీ కేసొస్తే ముందు ప్రొఫెసరు, వెనుక అసిస్టెంటు, ఆయన వెనుక ఇంకొకరుంటరు తాతా. మేం లైటు పట్టుకొని నిలబడుడే. ఏడాది నిలబడ్డా కత్తి చేతికి రాదు. మా సీనియర్లు చెప్పిండ్రు, పోతే ఆ దవాఖానకు పో, వచ్చిన కేసు నీదే, ఆర్నెల్లల్ల చెయ్యి తిరుగుతది అని. అడిగి ఏయించుకున్న."

మా ఇంట్లో మగ్గం నేర్చుకునేవాడి మొదటి చీర బజారుకు పోదు. బాగా కుదిరినా, కుదరకపోయినా ఇంట్లోనే ఉంటుంది. నేర్చుకునేవాడి పక్కన మామ పీట వేసుకుని కూర్చునేవాడు.

"మా కాడ పోగు తప్పితె ఆడికాడికే ఇప్పించి మళ్ల నేయిస్త. నీ పక్కన ఎవరు కూసుంటరు డాక్టర్ సాబ్?"

"ఎవరూ కూసోరు తాతా. గందుకే గదా ఈడికొచ్చింది," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ పిల్లవాడు దాపరికం లేనివాడని మెచ్చుకున్నాను కూడా. నవ్వనిది మామ ఒక్కడే.

పదో రోజు నుంచి ట్యూబు తియ్యాలని చూశారు. ముందు బిరడా పెట్టి మూసి చూడాలన్నారు. మూస్తే పిల్ల కళ్ళు తేలేసింది. వారం తర్వాత మళ్ళీ మూశారు, మళ్ళీ అంతే. మధ్యలో తాగిన పాలు ముక్కులోంచి రాసాగాయి. "పెలేటల్ పాల్సీ, అంగిలి చచ్చుబడ్డది, అదే తగ్గుతది," అన్నాడు డాక్టర్ మురళి. అది తగ్గింది. ట్యూబు మాత్రం రాలేదు. "వాపు తగ్గాలె, ఇంకో పదిరోజులు" అనే మాట ఎన్నిసార్లు విన్నానో. అంతలో ఆయన పోస్టింగు అయిపోయింది. ఊరి పెద్దలు ఆయనకు నారాయణపేట పట్టు కండువా కప్పారు. ఆ కండువా నేసింది మామే. పిల్లను చంకనెత్తుకుని వెళ్ళి నేనే అందించాను. పిల్ల చప్పట్లు కొట్టింది.

తర్వాత వచ్చిన హౌస్ సర్జన్ కేసు కాగితాలు తిరగేసి, "పైకి పంపుడే," అన్నాడు.

హైదరాబాదులో పెద్ద దవాఖానలో ఈఎన్‌టీ పెద్ద డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూశాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "కోత పైకి పడింది. హై ట్రకియాస్టమీ. అక్కడి కార్టిలేజ్ దెబ్బతిన్నది, దారి మూసుకుపోయింది. స్టెనోసిస్," అన్నాడు.

"ఎంత పైకి పడింది సార్?"

ఆయన తన చూపుడువేలు చూపించి, దాని మీద సగం గోరంత కొలిచాడు.

"కిందికి కోస్తే ట్యూబు వచ్చేదా?"

"చాలామందికి వస్తదమ్మా. కానీ అప్పుడు కొయ్యకుంటే పిల్లే ఉండకపోవు. అది యాదుంచుకోండ్రి."

మరిచిపోలేదు. అది మరిచిపోగలిగితే ఆ డాక్టరును హాయిగా తిట్టుకుని బతికేదాన్ని. నా వేళ్ళ మధ్య పిల్ల మణికట్లు గింజుకోవడం మరిచిపోగలిగితే ఇంకా గట్టిగా తిట్టేదాన్ని.

డైలటేషన్ మొదలుపెట్టారు. సన్నటి కడ్డీలు గొంతులో దించి దారి వెడల్పు చేస్తారు. రెండు నెలలకొకసారి వెళ్ళాం. వెడల్పయిన దారి మేము ఇల్లు చేరేలోగా మళ్ళీ బిగుసుకునేది. దవాఖాన గేటు కనపడగానే పిల్ల నా కొంగు నోట్లో కుక్కుకునేది. ఏడ్చినా చప్పుడుండదు, ట్యూబులోంచి గాలి మాత్రం బుసబుసమని వస్తుంది.

మూడో ఏడు అదే దవాఖాన వరండాలో కూర్చుని ఉన్నాం. ఇద్దరు చిన్న డాక్టర్లు గోడకు కాగితం ఆనించి, ఎక్కడికి పోవాలో ఊళ్ళ పేర్లు రాసుకుంటున్నారు.

"అదే రాయ్‌రా. ఆడ పెద్దాయన సగం రోజులు క్యాంపులల్లనే ఉంటడు. ఎమర్జెన్సీ మొత్తం మనదే."

"ట్రకియాలు వస్తయా?"

"వస్తయి. ఆడ అడిగెటోడెవడు?"

వాళ్ళు రాసుకుంటున్నది మా దవాఖాన పేరే. లేచి పోయి నిర్మలను వాళ్ళ ముందు నిలబెట్టాను.

"అడిగెటోళ్ళు లేరన్నవు గద బాబూ. నేనున్న. ఇది ఆడ కోసిందే. చూస్కో."

రాస్తున్న పిల్లవాడు కలం ఆపాడు. పిల్ల మెడ చూశాడు, ట్యూబు చూశాడు. చేతిలోని కాగితం మీద అరచెయ్యి కప్పాడు. ఆ పేరు కొట్టేశాడో, ఉంచాడో తెలియదు. మా పేరు పిలిచారు, లోపలికి వెళ్ళాం.

వాళ్ళు దుర్మార్గులని నేను అనను. కత్తి పట్టకుండా డాక్టరు ఎలా అవుతాడని మా ఆయన అంటాడు, నిజమే. ఎవరో ఒకరి మీద నేర్చుకోవాలి. అయితే పట్నంలో ప్రొఫెసరు పక్కన ఉండగా నేర్చుకోవడం కుదరదు, మా దగ్గర పక్కన ఎవరూ లేరు కాబట్టి కుదురుతుంది అంటే, ఆ నేర్పుకు పోగు తప్పేది ఎప్పుడూ మా పిల్లల మెడల మీదేనా? అలాంటి దవాఖానను సేవాస్థలమని పిలిచి కండువా కప్పుతున్నామే, మన చేతులకేమొచ్చింది?

డైలటేషన్లు ఆరో ఏట మాన్పించాను. "ఇక లాభం లేదమ్మా" అని వాళ్ళే అన్నారు. నిర్మలకు ఇప్పుడు పద్నాలుగేళ్ళు. మగ్గం దూది ధూళి ట్యూబులోకి పోతే దగ్గు ఆగదని నారాయణపేట ఇల్లు వదిలి జడ్చర్లలో కిరాయికి ఉంటున్నాం. మామ పోయినప్పుడు కూడా పిల్లను మగ్గాల గదిలోకి పోనివ్వలేదు, వాకిట్లోంచే చూసింది. అత్తమ్మ మా దగ్గరికి వస్తే పిల్లకు అన్నం కలిపి పెడుతుంది గానీ ఎడమ చేత్తో కలుపుతుంది. కుడి చేయి కొంగులో పెట్టుకుంటుంది. ఎందుకని నేను అడగను.

రోజూ పొద్దున గొంతు ట్యూబులో ఇమిడి ఉండే సన్నటి లోపలి ట్యూబు తీసి, మరిగించి, దారం చుట్టిన పుల్లతో తుడిచి పెడతాను. బడిలో హాజరు పిలిచినప్పుడు అది మెడకు కట్టుకున్న రుమాలు తప్పించి, ట్యూబుకు వేలు అడ్డం పెట్టుకుంటే తప్ప సన్నటి గరగర శబ్దం కూడా రాదు. ఆలోగా టీచరు తర్వాతి పేరుకు పోతుంది. రెండు నెలలు దాన్ని బడికి రాలేదని రాసుకున్నారు. వెళ్ళి పోట్లాడాను. ఇప్పుడు చెయ్యెత్తితే చాలంటున్నారు. చెయ్యెత్తడానికీ అది సిగ్గుపడుతోంది. ఈ ఏడు చదువు మానేస్తానంటోంది. నేను టీచరును, దాని పుస్తకాలకు అట్టలు మాత్రం వేసి పెట్టాను.

డాక్టర్ మురళికి ఇప్పుడు పట్నంలో మంచి పేరుంది. రెండేళ్ళ కిందట ఉత్తరం రాసి ఒక్కటే అడిగాను. కార్డు రాశాడు: పాప కులాసాగా ఉందని తలుస్తాననీ, ఆ రోజు తనకింకా గుర్తుందనీ, తాతగారికి నమస్కారాలనీ. అడిగినదానికి జవాబు లేదు. రెండో ఉత్తరానికి కార్డు కూడా రాలేదు.

"బతికింది గదా. తెల్సుకొని ఏం జేస్తవ్?" అంటాడు మా ఆయన.

ఏం చేస్తానో నాకూ తెలియదు. మొదటిదే అంటే, మా ఇంట్లో మొదటి చీరలు చాలా చూసినదాన్ని కాబట్టి ఆ వణికిన చేతులను క్షమించగలనేమో. పదోది అంటే, ముందటి తొమ్మిది మంది పిల్లలు ఎక్కడ ఉన్నారో వెతకాలి.

ఇది చదివే తల్లులకు ఒక్క మాట. పిల్ల గొంతు నొప్పి అంటే ఎండలోకి తీసుకెళ్ళి నోరు తెరిపించి చూడండి. తెల్లటి పొర కనిపిస్తే ఎవరి వేలూ లోపలికి పోనివ్వకండి, ఆ పూటే దవాఖానకు బయల్దేరండి. కొయ్యాల్సిన అవసరమే రాకుండా చేసుకోవడం ఆ ఒక్కరోజు మన చేతిలో ఉంటుంది. నేను రెండు రోజులు పోగొట్టాను.

డాక్టరు గారూ, ఈ పత్రిక మీ దాకా వస్తుందని నాకు తెలుసు. అప్పుడు మీరు మీ పై డాక్టర్లను ఎవరినీ అడగకుండా మా నిర్మల గొంతు కోశారు, నేను సంతకం పెట్టాను. ఇప్పుడు నేను అడుగుతున్నాను. అది మీరు కోసిన ఎన్నో గొంతు?