చుట్టరికాల బాబాయి

చుట్టరికం కలవనిదే బాబాయి ఎవరి గడియారమూ విప్పడు. ఆ వీధిలో గడియారాలు బాగుచేసే కొట్టు ఆయనదొక్కటే కాబట్టి, టైము తెలియాలంటే ముందు వంశవృక్షం చెప్పుకోవాల్సిందే.

"మీ పిన్నిగారి తోటికోడలిది ఏ ఊరు?"

"ముల్లు తిరగట్లేదండీ."

"తిరుగుతుందిలే. ఊరు చెప్పు."

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టి అయినా సరే, చివరికి "ఇంకేం, మనవాళ్ళే" అనేవాడు. కరెంటు కట్ చేయడానికి వచ్చిన లైన్‌మన్ వరసకు తమ్ముడైపోయి, టీ తాగి, బల్బు కూడా మార్చి వెళ్ళాడు.

ఎదురుగా కొత్తగా కుట్టుమిషన్ పెట్టుకున్న అమ్మాయికి ఇదంతా వినోదమే. కానీ వీధి వీధంతా అదే తీరు కావడం ఆమె ఖర్మ. అక్కడివాళ్ళు మనవాళ్ళ దగ్గరే కొంటారు, మనవాళ్ళకే కుట్టనిస్తారు. ఆమె తగిలించిన గౌను చూసి, "పనితనం బాగుంది. ఇంతకీ ఎవరి తాలూకు?" అని అడిగేవారు. అనాథాశ్రమంలో పెరిగానని చెప్పగానే తెచ్చిన గుడ్డ మళ్ళీ సంచిలోకి వెళ్ళిపోయేది. పగలంతా ఈగలు తోలుకుంటూ కూర్చుంటే, సాయంత్రానికి తన గొంతు తనకే కొత్తగా వినిపించేది. ఈ నెల కూడా ఇలాగే గడిస్తే కొట్టు మూసేసి బట్టల ఫ్యాక్టరీలో చేరాల్సిందే.

ఒకరోజు బాబాయే వచ్చాడు.

"అమ్మ వైపు ఎవరు?"

"తెలీదండి."

"నాన్న వైపు?"

"తెలీదండి."

"పోనీ, పక్కింటివాళ్ళు?"

"మాకు పక్కిల్లు లేదండి. చుట్టూ గోడే."

బాబాయి తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆయనకే దొరకలేదంటే తనకిక ఈ లోకంలో ఎవరూ లేనట్టేనని ఆమెకు ఏడుపొచ్చింది.

మర్నాడు తలుపు తీసేసరికి పాలకొట్టు పెద్దావిడ గుడ్డతో నిలబడి ఉంది.

"మా గడియారాల తమ్ముడి మేనకోడలివట. మొదటే చెప్పొద్దూ?"

ఆవిడ వెనకే మందుల షాపాయన, ఆయన వెనక ఆయన మరదలు. మధ్యాహ్నానికి బల్ల మీద గుడ్డలు కుప్పపడ్డాయి. ఆమె తిన్నగా బాబాయి కొట్టుకు వెళ్ళింది.

"అలా చెప్పారేంటండీ? మీ చెల్లెలుగారికి తెలిస్తే ఏమనుకుంటారు?"

బాబాయి కంటి మీది భూతద్దం తీశాడు.

"నాకు చెల్లెలెక్కడిదమ్మా? నాకూ ఎవరూ లేరు. వచ్చిన కొత్తలో నా దగ్గరికీ ఎవరూ గడియారం తేలేదు. అందుకే ఒక్కొక్కళ్ళనే కలుపుకుంటూ వచ్చాను."

"అయితే వీధిలో చుట్టాలంతా..."

"నెమ్మదిగా మాట్లాడు. అదిగో, మీ పెద్దమ్మ వింటోంది," అన్నాడు పాలకొట్టు వైపు కళ్ళతో చూపిస్తూ.

ఆమెకు నవ్వాగలేదు. "అయితే పెద్దమ్మ గుడ్డే ముందు కుట్టాలిగా, మామయ్యా," అంది.