కుడి జేబు మాస్టరు

సామ్సన్ మనిషి ముఖం చూడడానికి ముందు వెనక జేబు చూస్తాడు. రోజూ పొద్దున ఆరున్నరకు ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా కాశప్ప టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడతాడు. ఆదోని బస్సు ఎక్కేవాళ్లు, మంత్రాలయం బస్సు దిగేవాళ్లు, ఎవరు జీన్స్ ప్యాంటు వేసుకుని పోయినా ఆయన చూపు వెళ్లి వెనక కుడి జేబు మీద వాలుతుంది. కుట్టు నేరుగా వచ్చిందా, పై మూలల్లో గట్టి కుట్టు పడిందా, కింది మొన సరిగ్గా మధ్యకు దిగిందా అని చూస్తాడు. ఒకసారి ఒక ప్రయాణికుడు గిరుక్కున తిరిగి, "ఏం సూస్తాండావు పెద్దాయనా?" అని అడిగాడు.

"ఏం ల్యాదప్పా, జేబు సూస్తాండా" అన్నాడు సామ్సన్, నిజాయితీగా.

ఆ జవాబుతో వ్యవహారం మరింత చెడింది. ప్రయాణికుడు పర్సు తడుముకుని గొంతు పెంచాడు. కాశప్ప మధ్యలో పడి సర్దిచెప్పాల్సి వచ్చింది. ఆనాటి నుంచి సామ్సన్ బస్టాండుకు వీపు పెట్టి టీ తాగాలని కాశప్ప షరతు పెట్టాడు. సామ్సన్ ఒప్పుకున్నాడు గానీ, కొట్టులో గోడకున్న అద్దంలో బస్టాండు మొత్తం కనిపిస్తుందన్న సంగతి కాశప్పకు చెప్పలేదు.

ఈ జబ్బు బళ్లారిలో అంటుకుంది. హేమ ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు సామ్సన్ అక్కడి ఒక జీన్స్ యూనిట్లో పనికి చేరాడు. పన్నెండేళ్లు చేశాడు. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు ఏం పని అని ఎవరైనా అడిగితే "జీన్స్ కుడతా" అనేవాడు. అది అబద్ధం కాదు. ఒక క్రిస్మస్‌కు చర్చి బయట ఎవరో "అయితే మాస్టరువన్న మాట" అన్నారు. ఆ మాట ఆయన అడిగి తెచ్చుకున్నది కాదు. కానీ ఇంటి ముందు ఎవరో వదిలేసిపోయిన కోడిపిల్లను లోపలికి తోలుకున్నట్టు, దాన్ని నిమ్మళంగా లోపలికి తోలుకున్నాడు. మరుసటి ఏటికి అది పెద్దదయింది. బడిలో 'మా నాన్న' అని వ్యాసం రాయమంటే హేమ 'మా నాన్న జీన్స్ ఇంజనీరు' అని రాసి మొదటి బహుమతి తెచ్చుకుంది. బహుమతిగా వచ్చిన స్టీలు డబ్బాలో ఇప్పటికీ ఇంట్లో ఆవాలు పోస్తారు. పోపు పెట్టినప్పుడల్లా సామ్సన్‌కు ఒంట్లో ఎక్కడో చిటపటమనేది.

ఎందుకంటే ఆ పన్నెండేళ్లలో ఆయన జీన్స్ కుట్టలేదు. కుడి జేబు కుట్టాడు. యూనిట్లో ఒక్కొక్కరిది ఒక్కొక్క ముక్క. వెనక కుడి జేబు సామ్సన్‌ది, ఎడమ జేబు పక్క మిషను మీద ఉచ్చీరప్పది, జిప్పు రాయచూరు నుంచి వచ్చిన ఒకామెది. నడుం పట్టీ ఎవరిదో సామ్సన్‌కు తెలియదు, అది గోడ అవతలి గదిలో జరిగే పని. చివరికి యూనిట్లోకి జేబులు కుట్టే మిషనే వచ్చింది. అదే మడిచి, అదే కుట్టి, అదే అవతల పడేసేది. సామ్సన్ కాసేపు దాని ముందు నిలబడి చూశాడు. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని పది జేబులు తిరగేశాడు. కుట్టు చక్కగా ఉంది. ఉద్యోగం పోయినందుకన్నా దానికే ఆయనకు ఎక్కువ కడుపు మండింది.

ఇంటికి వచ్చేశాక భార్య పుష్ప జాకెట్లకు హుక్కులు కుడుతూ, కాజాలు తీస్తూ ఏడాది గడిపాడు. పుష్ప ఆ వీధిలో పేరున్న జాకెట్ల మనిషి. "జీన్స్ మాస్టరుకు హుక్కులా!" అని ఎవరైనా అంటే "చెయ్యి ఖాళీగా ఉండకూడదు కదప్పా" అని గంభీరంగా నవ్వేవాడు.

ఆ నవ్వు హేమ మూలంగా ఆగిపోయింది. హేమ ఆదోనిలో డిగ్రీ మూడో సంవత్సరం. రోజూ బస్సులో పోయి వస్తుంది. మనిషి పొట్టి. దుకాణంలో కొన్న జీన్స్ నడుముకు సరిపోతే, పొడుగు ఇద్దరికి వచ్చేటంత ఉండేది. ఒక సాయంత్రం బ్యాగు దించకుండానే చెప్పింది.

"నాయనా, మూడు వారాల్లో మా క్లాసోళ్లం హంపికి పోతాండాం. నాకొక జీన్స్ కుట్టియ్యి. త్రివేణికి సెప్పేసినా."

త్రివేణి ఆదోనిలో పత్తి వ్యాపారుల పిల్ల, హేమతో ఒకే బెంచీ.

"ఏం సెప్పినావు?" అన్నాడు సామ్సన్.

"మా నాయన జీన్స్ మాస్టరు, నా కొలతకు కుట్టిస్తాడు అని. మొదటి సంవత్సరం నుంచీ సెప్తానే ఉండా, ఆ పాప నమ్మల్యా. ఇప్పుడు ఏసుకోని సూపిస్తా."

సామ్సన్ గొంతులో ఒక మాట పైకి వచ్చి, పరిస్థితి చూసి, వెనక్కి పోయింది. "దానిదేముంది" అని మాత్రం బయటికి వచ్చింది. ఊరందరికీ తెలిసినా ఫర్వాలేదు, కాశప్ప నాలుగు రోజులు నవ్వి ఐదో రోజు మరచిపోతాడు. కానీ వ్యాసం రాసిన పిల్లకు తెలిస్తే ఎట్లా? ఇరవై ఏళ్ల పిల్ల, బస్సు దిగి నేరుగా తన దగ్గరికి వచ్చి ఊసులన్నీ చెప్పే పిల్ల, రేపటి నుంచి వాళ్లమ్మకు చెప్తే?

ఎట్లాగైనా కుట్టెయ్యాలి. ముందు తనకొకటి కుట్టుకుని చెయ్యి తిరిగాక హేమది మొదలుపెట్టాలి. అంతే.

ఆదోనిలో ఇంద్రసేనయ్య బట్టల కొట్టుకు పోయాడు. "ఎంత మందం గుడ్డ కావాల?" అని అడిగాడు ఇంద్రసేనయ్య. ఆ పన్నెండేళ్లలో సామ్సన్ జీన్స్ గుడ్డను అరచేతి కన్నా పెద్ద ముక్కగా చూసింది తక్కువ. గుడ్డ తాను మొత్తం ఎదురుగా పరిస్తే కాస్త కళ్లు తిరిగాయి. అనుభవజ్ఞుడిలా రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇది" అన్నాడు. ఇద్దరికీ సరిపడా కోయించుకుని వచ్చాడు.

శుక్రవారం పుష్ప రెండు రోజులు ఉంటానని నందవరంలో అక్క ఇంటికి పోయింది. హేమ కాలేజీకి పోయింది. సామ్సన్ తలుపు దగ్గరికి వేసి, తన పాత జీన్స్ కుట్లను కొలతకని విప్పడం మొదలుపెట్టాడు. మొత్తం విప్పితే మళ్లీ దారి దొరకదేమోనని భయపడి కుడి సగం మాత్రమే విప్పాడు, అలవాటైన వైపు కదా. ఆ ముక్కల్ని కొత్త గుడ్డ మీద పెట్టి సుద్దతో గీసి కోశాడు. రెండో కాలికి మళ్లీ అవే ముక్కల్ని అదే వైపుకు పెట్టి, అట్లాగే గీసి కోశాడు. పుష్ప అయితే గుడ్డను మడిచి కోస్తుంది. అది జాకెట్ల పద్ధతి, జీన్స్ గుడ్డను మడవకూడదని ఆయన నమ్మకం. బళ్లారిలో కటింగ్ మాస్టరు బల్ల మీద గుడ్డను పరిచే కోసేవాడు. ఆ మాస్టరు గీతల్లో కుడి ముక్కలు వేరు, ఎడమ ముక్కలు వేరు అని సామ్సన్‌కు ఎవరూ చెప్పలేదు, సామ్సన్ అడగనూ లేదు.

వెనక కుడి జేబు రెండు నిమిషాల్లో పడింది. కళ్లు మూసుకుని కుట్టినా పడేది. ఆ సంతోషంలో ఈలవేశాడు. తరువాత పుష్ప మిషనుకు మూడు సూదులు విరిగాయి. జాకెట్టు గుడ్డకు అలవాటుపడిన సూదులు, ఈ మందం చూసి ఒక్కొక్కటిగా ప్రాణాలు విడిచాయి. నాలుగోది నిలిచింది. కుడికాలు పూర్తయింది. రెండో కాలు కూడా పూర్తయింది. రెండింటినీ కలుపుదామని ఎదురెదురుగా పెట్టాడు. కలవలేదు. ఎటు తిప్పినా కలవలేదు. రెండూ ఒకే దిక్కుకు చూస్తూ నిలబడ్డాయి.

సామ్సన్ రెండు కుడికాళ్లు కుట్టాడు.

రెండోదాన్ని లోపలి వైపు బయటికి తిప్పితే ఎడమకాలు అవుతుంది. కానీ ఈ గుడ్డ పైన నీలం, లోపల తెలుపు. ఏమీ తోచక బళ్లారిలో ఉచ్చీరప్పకు ఫోన్ చేశాడు. యూనిట్ వదిలేశాక ఉచ్చీరప్ప బండి మీద కొబ్బరిబోండాలు అమ్ముతున్నాడు.

"ఉచ్చీరప్పా, రెండుకాళ్లు యాడ కలిపేది?"

"నన్నడిగితే నాకేం తెలుసు మారాయా? ఎడమ జేబు వరకైతే అడుగు."

"జిప్పు?"

"అది రాయచూరామెది కదా."

"ఆమె నంబరుందా?"

"ల్యాదు. అయినా సామ్సనన్నా, ఇన్నేండ్లు పక్కపక్కన కూర్చొని మనిద్దరం కలిపి కుట్టింది ఒక మనిషి కూర్చునే బాగమే అప్పా!" ఉచ్చీరప్ప నవ్వుతూ బోండాం నరికిన చప్పుడు ఫోన్లో వినిపించింది.

సామ్సన్ ఇక వెనక్కి తగ్గలేదు. రెండో కాలిని తిరగేసి కలిపేశాడు. జిప్పు వచ్చినంత మట్టుకు వచ్చింది. నడుం పట్టీ ఒక చోట రెండు పొరలు, ఒక చోట ఐదు పొరలు అయింది. వేసుకుని గుండీ పెట్టుకుంటే పట్టింది. గోడకున్న చిన్న అద్దాన్ని కిందికి దించి, ఒక్కో కాలిని విడివిడిగా చూసుకున్నాడు. విడివిడిగా బాగానే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే పుష్ప తలుపు తోసింది. అక్క వాళ్లు ఉరుకుంద బస్సెక్కి పోయారట, ఇంటికి తాళమట. గడపలోనే నిలబడి పైనుంచి కిందికి, నీలం కాలి నుంచి తెల్ల కాలికి చూసింది.

"ఏమప్పా ఇది? ఒంటికాలికి సున్నం కొట్టినావా?"

"జీన్స్" అన్నాడు సామ్సన్.

ఆమె దగ్గరికి వచ్చి కుట్లు పట్టి చూసింది. జాకెట్ల మనిషి కదా, అర నిమిషంలో పసిగట్టింది. "రెండూ ఒకే కాలే కదా! గుడ్డ మడవల్యా నువ్వు. పన్నెండేండ్లు బళ్లారిలో ఏం జేసినావు?"

"కుడి జేబు."

"కుడి జేబుకేమాయె?"

"ఏం కాల్యా. పన్నెండేండ్లూ కుడి జేబే కుట్టినా."

"మరి ఎడమది?"

"ఎడమది ఉచ్చీరప్ప కుడతాండె."

పుష్ప మిషను పట్టుకుని కింద కూలబడింది. నవ్వు ఆపుకుని ఏదో అడగబోవడం, మళ్లీ తెల్లకాలు కంటబడడం, మళ్లీ నవ్వడం. సామ్సన్ కూడా కాసేపు బిగుసుకుని నిలబడి, చివరికి నవ్వాడు. నవ్వితే నడుం పట్టీ గుండీ ఊడి ఆవాల డబ్బా దగ్గరికి దొర్లింది. ఆ డబ్బాను చూసి ఆయన నవ్వు ఆగింది.

"హేమకు ఏం సెప్పేదిమే?"

"నేనైతే సెప్పను. నువ్వే సెప్పు. ప్యాంటు మార్చొద్దు, ఇదేసుకోని సెప్పు."

హేమ ఐదున్నర బస్సుకు వచ్చింది. సామ్సన్ వాకిట్లో స్టూలు మీద, గుండీ లేక ఒక చేత్తో నడుం పట్టుకుని కూర్చున్నాడు. వెనక జేబు దగ్గర మొదలుపెట్టి, రాయచూరామె మీదుగా, గోడ అవతలి గది దాకా అంతా చెప్పాడు. హేమ నవ్వలేదు. ఆయన అన్నిటికీ సిద్ధపడ్డాడు గానీ, నవ్వకపోవడానికి సిద్ధపడలేదు.

"అంటే మూడేండ్లు నేను క్లాసులో సెప్పింది?"

"జేబు వరకు నిజమే."

హేమ లోపలికి పోయింది. ఆ సాయంత్రం ఒక్క ఊసూ చెప్పలేదు. అన్నం దగ్గర కూడా వాళ్లమ్మతోనే మాట్లాడింది. సామ్సన్ మజ్జిగ పోసుకుంటూ, ఇంత చిన్న జేబు వెనక ఇంత పెద్ద అబద్ధం ఎట్లా పట్టిందా అని ఆశ్చర్యపోయాడు.

పొద్దున హేమ బస్సుకు పోతూ గడపలో ఆగింది. "గుడ్డ మిగిలిందా?"

"నీది ముట్టుకోల్యా."

"అయితే అమ్మ కోస్తుంది, నువ్వు కుట్టు. ఫోన్లో సూసి ఎట్లా కలిపేదో నేను సదివి సెప్తా. జేబు మాత్రం నువ్వు ఎవర్నీ అడగొద్దు."

పుష్ప ముందు గుడ్డను బకెట్లో తడిపింది, జాకెట్టు లైనింగును తడిపినట్టే. "జీన్స్ గుడ్డను ఎవరైనా తడుపుతారా?" అన్నాడు సామ్సన్ అలవాటు కొద్దీ. పుష్ప తెల్లకాలి వైపు చూసింది. ఆయన బకెట్టు ఆమె దగ్గరికి జరిపాడు. ఆరేశాక చూస్తే గుడ్డ నాలుగు వేళ్లు కురచయింది. పుష్ప మడిచి కోసింది. ఈసారి ఒక కుడికాలు, ఒక ఎడమకాలు వచ్చాయి. మందంగా ఉన్న చోటల్లా ఆమె రోకలితో దంచి అణిచి ఇచ్చింది, కొత్త సూది విరగలేదు. జిప్పు నాలుగుసార్లు విప్పి కుట్టాడు. కుడి జేబు రెండు నిమిషాలు. ఎడమ జేబు మధ్యాహ్నం దాకా పట్టింది. చెయ్యి ఆ వైపుకు తిరగనే తిరగదు.

హంపి నుంచి వచ్చిన రోజు హేమ బ్యాగు దించకుండా నేరుగా తండ్రి దగ్గరికి వచ్చింది. "త్రివేణి ఎవరు కుట్టినారని అడిగింది నాయనా."

"ఏం సెప్పినావు?"

"ఉన్నదే సెప్పినా. కాళ్లు అమ్మ కోసింది, కుడి జేబు మా నాయనది, మిగతాది మా నాయన నేర్చుకుంటాండాడు అని."

"ఏమనె?"

"వెనక్కి తిరగమని జేబులు సూసింది. కుడిది బాగుంది, ఎడమది ఎవరు కుట్టినారు అనె."

సామ్సన్ ఉచ్చీరప్ప పేరు చెప్పి ఉండాల్సిందన్నాడు. హేమ అప్పుడు నవ్వింది.

ఇప్పుడు పుష్ప మిషను పక్కన సామ్సన్‌కు ఇంకో మిషను ఉంది. తలుపు మీద హేమ రాసిన అట్ట ఉంది: జాకెట్లు కుట్టబడును, జీన్స్ పొడుగు తగ్గించబడును. ఇంట్లో ఉన్నప్పుడు ఆయన ఆ నీలం, తెలుపు కాళ్ల ప్యాంటే వేసుకుంటాడు. ఇప్పటివరకు మొత్తం జీన్స్ నాలుగు కుట్టాడు. నాలుగింటిలోనూ ఎడమ జేబు పావు అంగుళం కిందికే ఉంది.